లేదనడానికి ఏది ప్రమాణం?

పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’ దేశమంతటా ఈనాటికీ తర్కశాస్త్రానికి తొలి వాచకం. కాశీకి పోయినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని పండితుల్లో ఒక నానుడి కూడా ఉంది. గాలి అంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన రెండు లక్షణాలతో సరిపెట్టాడు: రూపం లేదు, స్పర్శ ఉంది. ఆ పుస్తకానికి తానే రాసిన ‘దీపిక’ వ్యాఖ్యలో మరో అడుగు ముందుకు వేశాడు. ఒంటికి తగులుతోంది కాబట్టి గాలి ప్రత్యక్షమే కదా అనే వాదాన్ని తానే లేవనెత్తి, తానే తోసిపుచ్చాడు. రూపం లేనిది ప్రత్యక్షం కాదు, ఆనవాళ్లను బట్టి ఊహించి తెలుసుకోవలసిందే అన్నాడు. తైత్తిరీయోపనిషత్తు శాంతిపాఠమేమో అదే వాయువును ప్రత్యక్ష బ్రహ్మమని సంబోధిస్తుంది. తార్కికుడికి కంటికి ఆనని ద్రవ్యం, ఉపాసకుడికి ఎదుట నిలిచిన దైవం. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఇప్పుడు ఈ ఇద్దరినీ కలిపి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. పీల్చే గాలిలో గడ్డిమందు ఉందా? లేదని చెప్పేవాళ్లు దేన్ని ప్రమాణంగా చూపిస్తారు?

కొత్తపట్నం ఒంగోలుకు తూర్పున, బంగాళాఖాతం ఒడ్డున ఉంది. ఇసుక నేలలు, సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు, వేటకెళ్లే పడవలు. అక్కడి నుంచి పడమరకు, ఉత్తరానికి పోయేకొద్దీ ఇసుక తగ్గి నల్లరేగడి మొదలవుతుంది. పర్చూరు, మార్టూరు వైపు పత్తి, మిరప, పొగాకు, శనగ. ఖరీఫ్ నెలల్లో నైరుతి రుతుపవనం ఆ చేల మీదుగా సముద్రం వైపు వీస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఎదురు తిరిగి ఊళ్లలోకి వస్తుంది. ఒడ్డున వల బాగుచేసుకునే మనిషి పత్తి చేనులో అడుగు పెట్టకపోయినా, ఆ చేను మీద నుంచి వచ్చిన గాలిని పీల్చక తప్పదు. ఆ గాలి పుల్లలు, దుమ్ము మోసుకొస్తే తెలుస్తుంది. అంతకంటే సన్నవి మోసుకొస్తే తెలియదు.

ఈ మైదానాలకు పురుగుమందుల చరిత్ర కొత్త కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు, ఎన్ని మందులు కొట్టినా పురుగు చావనప్పుడు, రైతుల ఆత్మహత్యలతో గుంటూరు, ప్రకాశం పేర్లు దేశమంతా వినిపించాయి. గడ్డిమందుల వాడకం పెరిగింది ఆ తరవాత. పత్తిలో, మిరపలో విత్తిన వెంటనే పెండిమిథాలిన్ కొడతారు. వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేసేవాళ్లు పారాక్వాట్, అట్రజిన్ వాడతారు. మొక్కజొన్నలో, జొన్నలో వెడల్పాకు కలుపుకు 2,4-డి. వీటన్నిటికంటే పేరు మోసింది గ్లైఫోసేట్. దాన్ని తట్టుకునే పత్తికి దేశంలో అనుమతి లేదు. అనుమతి కోసం పెట్టిన దరఖాస్తును కంపెనీ 2016లో వెనక్కి తీసుకుంది. అయినా ‘బీజీ-3’ పేరుతో ఆ విత్తనం సంచుల్లో చేలకు చేరింది. 2018లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ గ్లైఫోసేట్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం ఇంకో మెట్టు పైకెళ్లి, లైసెన్సున్న పురుగు నియంత్రణ సిబ్బంది ద్వారా తప్ప దాన్ని వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. కాగితం మీది ఆంక్షకూ కల్లం గట్టు మీది డబ్బాకూ మధ్య ఎంత దూరముందో ఆ ఊళ్లలో వాళ్లకు చెప్పనవసరం లేదు.

రైతును దోషిగా నిలబెట్టడం సులువు, న్యాయం మాత్రం కాదు. కలుపు ఆగదు, వాన ఆగనివ్వదు, కూలీలు సమయానికి దొరకరు. దొరికినా కౌలు రైతు చేతిలో అప్పటికి డబ్బుండదు. వంగి రోజంతా కలుపు తీసేది ఆడవాళ్లు. వాళ్ల నడుము నొప్పిని ఎవరూ లెక్క కట్టలేదు. గడ్డిమందు ఆ నొప్పిని తప్పించిందన్న మాట అబద్ధం కాదు, ఆ కూలిని తీసేసిందన్న మాటా అబద్ధం కాదు.

ఇక లెక్కల విషయానికి వస్తే, మన దేశంలో తాగునీటికి హద్దులున్నాయి. భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో 2,4-డి 30 మైక్రోగ్రాములు, అట్రజిన్ 2, బ్యూటాక్లోర్ 125 దాటకూడదు. తిండికీ హద్దులున్నాయి. గుంటూరు మిరప ఓడెక్కే ముందు అవశేషాల పరీక్షకు పోతుంది. అందుకు గుంటూరులోనే సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రయోగశాల ఉంది. పరాయి దేశంలో ఎవరో కూరలో వేసుకునే కారంలో ఏ మందు ఎంత ఉందో మిల్లీగ్రాముల్లో చెప్పగలం. మరి గాలి? 2009లో ప్రకటించిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాల్లో పన్నెండు కాలుష్యాలున్నాయి. గంధకం, నత్రజని ఆక్సైడ్లు, రెండు రకాల ధూళి కణాలు, ఓజోన్, సీసం, కార్బన్ మోనాక్సైడ్, అమోనియా, బెంజీన్, బెంజోపైరీన్, ఆర్సెనిక్, నికెల్. పురుగుమందు ఒక్కటీ లేదు, గడ్డిమందు ఒక్కటీ లేదు. నగరపు పొగను దృష్టిలో పెట్టుకుని రాసిన జాబితా అది. చేల మీది గాలికి అందులో చోటు దక్కలేదు.

హద్దు లేదు కాబట్టి కొలత లేదు, కొలత లేదు కాబట్టి కనబడలేదు, కనబడలేదు కాబట్టి లేదు. ఆఫీసుల్లో వరసగా నడిచే ఈ తర్కాన్ని మన దర్శనకారులు ఒప్పుకునేవారు కారు.

కనబడకపోవడాన్ని బట్టి లేదని తేల్చడం గురించి వాళ్లు వందల ఏళ్లు వాదించుకున్నారు. కుమారిల భట్టు అనుయాయులు, అద్వైతులు దానికి అనుపలబ్ధి అని పేరు పెట్టి ఆరో ప్రమాణంగా లెక్కించారు. నైయాయికులు వేరే ప్రమాణం అక్కర్లేదు, అది ప్రత్యక్షానికి తోడుగా పనిచేస్తుందన్నారు. పేరు దగ్గర కొట్టుకున్నా, షరతు దగ్గర ఇరువర్గాలూ ఒక్కటే: వెతికిన వస్తువు అక్కడ ఉండి ఉంటే కనబడేదై ఉండాలి. వెలుగున్న గదిలో నేల కనిపిస్తూ కుండ కనబడకపోతే కుండ లేదని చెప్పొచ్చు. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనడం జ్ఞానం కాదు. కుండే ఉంటే నేల కనబడినట్టు అదీ కనబడేది కదా అనే ఊహ నిలబడితేనే ‘లేదు’ అన్న మాటకు బలం. అన్నంభట్టు దీపికలోనూ ఈ ఊహ ఉంది. పిశాచం కనబడదు కాబట్టి లేదనడం కుదరదని తర్కం నేర్పే పాఠశాలల్లో పిల్లలకు చెప్పేది కూడా ఇందుకే. అసలు కనబడే యోగ్యత లేని వస్తువు విషయంలో కనబడకపోవడం దేన్నీ రుజువు చేయదు.

గాలిని కొలిచే ప్రయోగశాలలో ఈ షరతు అక్షరాలా అమలవుతుంది. కొలిచే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిదానికి కరెంటు అక్కర్లేదు. రెండు స్టీలు గిన్నెల మధ్య గుండ్రటి పాలీయురెథేన్ స్పాంజి బిళ్లను అమర్చి ఆరుబయట వేలాడదీస్తారు. వారాలు, కొన్నిచోట్ల మూడు నెలలు గాలి దాని చుట్టూ తిరుగుతుంది. ఆవిరి రూపంలో ఉన్న మందులు స్పాంజికి పట్టుకుంటాయి. రెండో పద్ధతిలో పంపు ఒకటి లెక్కగా గాలిని లాగుతుంది. ముందున్న క్వార్ట్జ్ వడపోత దుమ్మును పట్టుకుంటే, వెనకున్న స్పాంజి, రెజిన్ ఆవిరిని పట్టుకుంటాయి. తరవాత వాటిని ద్రావకంలో ఉంచి, పట్టుకున్నదాన్ని బయటికి రాబట్టి, మాస్ స్పెక్ట్రోమీటరులోకి పంపుతారు. ఫలితం ఘనమీటరు గాలికి నానోగ్రాముల్లో వస్తుంది. గ్రాములో వందకోట్ల వంతు ఒక నానోగ్రాము.

అసలు కిటుకు ఇక్కడే. పెండిమిథాలిన్ ఆవిరయ్యే స్వభావమున్నది. 2,4-డి ఎస్టరు రూపంలో ఉంటే బాగా ఆవిరవుతుంది. గ్లైఫోసేట్ దాదాపు ఆవిరి కాదు. అది తుంపరగా లేస్తుంది, లేదా ఎండిన మట్టి దుమ్మును అంటుకుని పోతుంది. పైగా నీటిలో ఇట్టే కరిగే పదార్థం కావడంతో మామూలు పురుగుమందులకు పనికొచ్చే పరీక్షకు లొంగదు, వేరే రసాయనంతో కలిపి మార్చాక గానీ యంత్రానికి చిక్కదు. కాబట్టి ఎవరైనా ఒక స్పాంజి బిళ్లను వేలాడదీసి, మామూలు పరీక్ష చేయించి, గ్లైఫోసేట్ కనబడలేదని నివేదిక ఇస్తే, అది చీకటి గదిలో కుండ లేదని చెప్పడమే. నిజాయితీ గల ప్రయోగశాల మరో పని కూడా చేస్తుంది. శుభ్రమైన స్పాంజిలో తెలిసిన మోతాదు మందును తానే వేసి, అదే పద్ధతిలో పరీక్షించి, వేసినదాంట్లో ఎంత తిరిగి దొరికిందో చూస్తుంది. ఉంటే కనబడేదా అన్న తార్కికుల ప్రశ్నకు ఇంతకంటే నేరుగా జవాబు లేదు. నివేదికల్లో ‘బీడీఎల్’ అని రాసే అలవాటుంది, గుర్తించగలిగే హద్దుకు లోపు అని అర్థం. చదివేవాళ్లు దాన్ని సున్నా అనుకుంటారు. ఆ హద్దు ఎంతో పక్కన రాయని నివేదికను ప్రమాణంగా ఒప్పుకోకూడదు.

కొలిచిన చోట ఏం దొరికింది? ఇదే బంగాళాఖాతం ఒడ్డున, దక్షిణాన తమిళనాడులోని పరంగిపేటలో 1980ల చివర భారత, జపాను శాస్త్రవేత్తలు ఏడాది పొడుగునా గాలిని పరీక్షించారు. వాళ్లు వెతికింది పురుగుమందులను, గడ్డిమందులను కాదు. హెచ్‌సీహెచ్, అంటే రైతులు బీహెచ్‌సీ పొడి అని పిలిచినది, వరి సాగు సాగే వానాకాలపు నెలల్లో గాలిలో పెరిగినట్టు తేలింది. చేనులో చల్లింది సముద్రపు ఒడ్డు గాలిలో రుతువును బట్టి లేచి, తగ్గి కనబడింది. ఆ మందు 1997లో దేశంలో నిషేధమైంది. గడ్డిమందుల విషయంలో అమెరికా భూగర్భ సర్వే సంస్థ శాస్త్రవేత్తలు మిసిసిపీ, అయోవాల్లో 2007, 2008 పంట కాలాల్లో గాలినీ వాననూ పట్టి చూశారు. అరవై నుంచి నూరు శాతం నమూనాల్లో గ్లైఫోసేట్ ఉంది. గాలిలో అత్యధికంగా ఘనమీటరుకు 9.1 నానోగ్రాములు, వాననీటిలో లీటరుకు 2.5 మైక్రోగ్రాములు. మిసిసిపీ కూడా పత్తి పండే నేలే. ఫ్రాన్సు 2018 జూన్ నుంచి ఏడాది పాటు దేశమంతటా ఇలాంటి లెక్క తీస్తే, వ్యవసాయంలో 1998లోనే ఆగిపోయిన లిండేన్ ఇంకా గాలిలో తిరుగుతూ పట్టుబడింది.

యంత్రం లేని చోట చెట్టే చెబుతుంది. పత్తి మొక్క 2,4-డికి ఓర్వలేదు. పక్క చేనులో మొక్కజొన్నకు కొట్టిన మందు రవ్వంత తగిలినా లేతాకులు సన్నగా చీలి, ఈనెలు బిగుసుకుని, వేళ్లలా సాగుతాయి. పొగను చూసి నిప్పును ఊహించడం తర్కసంగ్రహం నేర్పే మొదటి అనుమానం. వంకర తిరిగిన ఆకును చూసి గాలిని ఊహించడం పత్తి రైతు తనంతట తాను నేర్చుకున్నాడు. ఏ గట్టు వైపు ఆకులు ఎక్కువ ముడుచుకున్నాయో చూసి మందు ఎటు నుంచి వచ్చిందో చెప్పగలడు. అయితే ఆకు చెప్పేది ఒక్క మందు కథే. ఆకును ముడవకుండా మనిషి ఊపిరిలోకి పోయేవాటి సంగతి ఆకుకు తెలియదు.

గాలి చెడడం ఆరోగ్యశాఖకో వ్యవసాయశాఖకో అప్పగించి ఊరుకునే సంగతి కాదు, ధర్మానికి సంబంధించిన ప్రశ్న అని మొదట పసిగట్టినవాళ్లు వైద్యులే. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో, వేసవి చివర, పాంచాల దేశపు కాంపిల్యంలో గంగ ఒడ్డున నడుస్తూ పునర్వసు ఆత్రేయుడు శిష్యుడు అగ్నివేశుడికి ఊళ్లకు ఊళ్లు పాడైపోవడం గురించి చెబుతాడు. అగ్నివేశుడి సందేహం చాలా పదునైనది. మనుషుల తత్వాలు వేరు, తిండి వేరు, బలం వేరు, వయసు వేరు, మరి ఒకేసారి ఒకే జబ్బుతో అందరూ ఎలా పోతారు? గురువు జవాబు: వేరు వేరుగా ఉన్నవాళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నవి నాలుగు, గాలి, నీరు, నేల, కాలం. అవి చెడితే అందరూ చెడతారు. చెడిన గాలి లక్షణాల్లో దుర్గంధం, ఆవిరి, ఇసుక, దుమ్ము, పొగ కలిసి ఉండడాన్ని ఆయన పేర్కొన్నాడు. దానికి మూలం అధర్మమన్నాడు. అంతటితో ఆగి ఉంటే అదొక నీతిబోధగా మిగిలేది. ఆ అధర్మం ఏ వరసలో దిగి వస్తుందో కూడా చెప్పాడు. దేశానికీ నగరానికీ పెద్దలైనవాళ్లు మొదట ధర్మం తప్పుతారు, తరవాత వాళ్లను ఆశ్రయించుకున్నవాళ్లు, ఆ తరవాత ప్రజలు, వ్యాపారులు. అందరికంటే కింద ఉన్నవాడి తలుపు మొదట తట్టే మన అలవాటుకు ఇది నేరుగా ఎదురు. వీపున ట్యాంకు మోస్తూ, మందు తుంపర మొదట తానే పీల్చే కూలిని నేరస్తుడిగా చూపించే కొలత ఆత్రేయుడి దృష్టిలో కొలతే కాదు.

ఒంగోలు ప్రాంతానికి ఇంకో గ్రంథం కూడా బాగా దగ్గర. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. ఆ కుటుంబాల వారసులు ఇవాళ కలుపు తీసే, మందు కొట్టే చేతుల్లో ఎందరో. వాళ్లు ఆదివారం వినే మత్తయి సువార్త పదమూడో అధ్యాయంలో గోధుమల మధ్య శత్రువు గురుగులు చల్లిన ఉపమానముంది. పీకేస్తామని పనివాళ్లు అడిగితే యజమాని వద్దంటాడు, గోధుమ కూడా ఊడి వస్తుందేమోనని భయం. కోతదాకా రెంటినీ పెరగనిమ్మంటాడు. అంత్య తీర్పు గురించిన ఉపమానమది, సేద్యం పాఠం కాదు. కానీ దాన్ని చేనులో నిలబడి విన్నవాళ్లకు అందులోని జాగ్రత్త అర్థమవుతుంది: చెడును తీసే చెయ్యి మంచికి తగలకూడదు. గడ్డిమందును తట్టుకునే విత్తనం ఆ భయాన్ని సొంత చేను వరకు తీర్చింది. గట్టు దాటాక పక్కవాడి పైరుకు, ఊరికి ఆ రక్షణ లేదు.

గాలి తెచ్చిపెట్టినదాని బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు ఈ తీరంలో దాదాపు ఎనిమిది వందల ఏళ్ల నాటి జవాబు ఒకటి రాతి మీద ఉంది. కొత్తపట్నానికి ఉత్తరాన, చినగంజాం దగ్గర మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అది. అంతకు ముందు రాజులు తుపాను తాకిడికి ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు సమస్తం లాక్కునేవారట. గాలి తెచ్చి పడేసింది కదా, ఇక ఎవరిదీ కాదన్నది వాళ్ల లెక్క. గణపతిదేవుడు ఆ లెక్కను కొట్టేశాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ ముట్టుకోమని సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. గాలికి పడినంత మాత్రాన సరుకు మీద సొంతదారు హక్కు చెరిగిపోదని దాని సారం. హక్కు చెరగనప్పుడు బాధ్యత మాత్రం ఎలా చెరుగుతుంది? మందు డబ్బాలో ఉన్నంతసేపు దానికి పేరుంది, లైసెన్సుంది, బ్యాచి నంబరుంది, ధర ఉంది. గాలిలోకి లేచిన క్షణం నుంచి అది ఎవరిదీ కాకుండా పోవడం ఏ ధర్మం ప్రకారమూ కుదరదు.

ఈ కాలపు న్యాయస్థానమూ ఇలాంటి దారిలోనే నడిచింది. హైదరాబాదు తాగునీటి చెరువులైన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ సమీపంలో నూనె ఫ్యాక్టరీ పెట్టొచ్చా లేదా అన్న వివాదంలో, ఏపీ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడుకూ మధ్య నడిచిన కేసులో, 1999 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. జస్టిస్ ఎం.జగన్నాథరావు రాసిన ఆ తీర్పు విజ్ఞానశాస్త్రంలోని అనిశ్చితి గురించి విస్తారంగా చర్చించి, ప్రమాదం లేదని చూపించే భారం మార్పు తలపెట్టినవాళ్లదేనని చెప్పింది. బాధపడేవాళ్లు హాని ఉందని రుజువు చేయడం కాదు, లాభపడేవాళ్లు లేదని రుజువు చేయాలి. ఆ లెక్కన గడ్డిమందు గాలిలో ఎంత దూరం పోతుందో కొలిచి చూపవలసింది దాన్ని తయారుచేసి, రిజిస్ట్రేషను పొందినవాళ్లు, ఆ రిజిస్ట్రేషను ఇచ్చే కేంద్ర సంస్థ.

కొలిస్తే భయమే పెరుగుతుందని కొందరంటారు. అలా అయి తీరాలనేం లేదు. మిసిసిపీ, అయోవాల్లో దొరికిన అత్యధిక మోతాదునే తీసుకుని, మనిషి రోజుకు పదిహేను ఘనమీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే లోపలికి పోయే గ్లైఫోసేట్ 140 నానోగ్రాములకు లోపే. ఐరోపా నియంత్రణ సంస్థలు తిండి ద్వారా రోజూ పోయినా ఫర్వాలేదన్న మోతాదు కిలో శరీర బరువుకు అర మిల్లీగ్రాము. రెంటి మధ్య లక్షల రెట్ల తేడా. ఈ మందును బహుశా క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో వర్గీకరించింది, ఐరోపా, అమెరికా నియంత్రణ సంస్థలు కాదన్నాయి. ఆ తగవు ఎలా తేలినా, గాలి ద్వారా చేరేది నిజంగా స్వల్పమని ఇక్కడి కొలతలో తేలితే కొత్తపట్నం తల్లి నిశ్చింతగా పిల్లవాణ్ణి ఆరుబయట పడుకోబెట్టుకోగలదు. కానీ ఆ నిశ్చింతను అయోవా అంకెల నుంచి అప్పు తేలేం. అక్కడ ట్రాక్టరుకు కట్టిన బూముతో కొడతారు, ఇక్కడ వీపున తైవాన్ స్ప్రేయరుతో, ముఖానికి కండువా చుట్టుకుని, చేను గట్టునే ఇల్లున్న చోట కొడతారు. డ్రోన్లూ వచ్చేశాయి. పారాక్వాట్‌కు విరుగుడే లేదు. అనేక మందులు ఒకే గాలిలో కలిసినప్పుడు ఒక్కో మందుకు విడివిడిగా కట్టిన లెక్క చాలదు.

పని పెద్దది కాదు. లాంలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, గుంటూరులో అవశేషాలు పట్టగల యంత్రాలున్నాయి, కాలుష్య నియంత్రణ మండలి దగ్గర గాలిని లాగే పంపులున్నాయి. పర్చూరు చేల మధ్య ఒకటి, మార్టూరు ఊరి బడి మీద ఒకటి, కొత్తపట్నం ఒడ్డున ఒకటి, మందు వాడని ప్రకృతి వ్యవసాయ గ్రామంలో పోల్చి చూడడానికి ఒకటి పెడితే మొదటి లెక్క మొదలవుతుంది. ఆవిరికి స్పాంజి, గ్లైఫోసేట్‌కు వడపోత, రెండూ ఉండాలి. ఫలితాలను ఊళ్లో, తెలుగులో, గుర్తించగల హద్దుతో సహా చదివి వినిపించాలి. ఏ రైతు చేనునూ పేరు పెట్టి చూపకూడదు. తొలి నమూనాను జూన్ వానలు పడకముందే, పత్తి విత్తనం నేలలో పడకముందే తీయాలి, ఎందుకంటే పెండిమిథాలిన్ విత్తిన మర్నాడే చేనులోకి వస్తుంది, అప్పటికి ముందున్న గాలిని మళ్లీ పట్టుకోవాలంటే ఇంకో ఏడాది ఆగాలి.